ఓబులక్క కూలి

అనగా అనగా, ఏరు ఇంకా ఇటు పక్కకి తిరగక ముందు, కొండ మీద చెట్లకి మనుషులు పేర్లు పెట్టక ముందు, ఒక మంద ఉండేది. ఊఁ కొట్టండర్రా. ఊఁ కొట్టకపోతే కథ ఒట్టిపోయిన ఆవుతో సమానం, ఎంత పిసికినా చుక్క రాలదు. ఆఁ, అలాగ.

మందంటే అలాంటిలాంటి మంద కాదు. పొద్దున్నే దొడ్డి తలుపు తీస్తే, చివరి ఆవు బయటికొచ్చేసరికి మొదటి ఆవు ఏట్లో నీళ్ళు తాగుతుండేదంట. అన్నీ తెల్లావులే. ఆ ఇంటివాళ్ళకి అసలు ఇంటిపేరు ఏముండేదో ఎవరికీ గుర్తులేదు. అందరూ వాళ్ళని మందవారనే పిలిచేవాళ్ళు.

మరి మంద ఊరికే పుడుతుందా? మందవారి తాత గురవయ్య ఒక్క పలుపు పట్టుకుని కొండ కిందికి వచ్చాడు. పలుపంటే ఆవు మెడకి కట్టే తాడు. ఆ తాడు చివర ఒకే ఒక్క ఆవు. దాని పేరు ముత్యాలు. ముత్యాలు ఈనింది, దాని కూతుళ్ళు ఈనాయి, కూతుళ్ళ కూతుళ్ళు ఈనాయి. తాత గురవయ్య రేగుముళ్ళు కొట్టి దొడ్డికి కంచె వేశాడు. తండ్రి కోటయ్య బండరాయి తొలిచి నీళ్ళ తొట్టి చేశాడు. మనవడు చలమయ్య మీసం పెంచాడు.

నవ్వకండి. నిజంగానే ఆ మీసం చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి జనం వచ్చేవాళ్ళంట. తాత తెచ్చిన పలుపు మాత్రం ఇంటి దూలానికి వేలాడుతూనే ఉండేది. మందవారు ఏదైనా మాటిచ్చారంటే ఆ పలుపు మీద చెయ్యేసే ఇస్తారు. ఇచ్చారా, ఇక దేవుడు దిగొచ్చినా తిరుగులేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు కావాలి.

ఇప్పుడు మన మనిషి దగ్గరికొద్దాం. మన మనిషి మీసమాయన కాదు, ఓబులక్క.

ఓబులక్క మందవారి పెద్దయ్య కోటయ్య కాలంలో వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చావమ్మా అంటే "అటు నుంచి" అనేది, అంతే. మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఉన్న ఒక్క దూడా దారిలో ఎండకి పడిపోయింది. ఆ దూడ తలుగు, అంటే దాని చిన్న తాడు, ఖాళీగా భుజాన వేసుకుని దొడ్డి ముందు నిలబడింది.

"ఏం పనొచ్చు?" అన్నాడు కోటయ్య.

"కట్టడం వచ్చు. విప్పడం వచ్చు."

"సరే. దూడల తలుగులు నీ చేతిలో పెడుతున్నా. జాగ్రత్త."

అలా కుదిరింది పనిలో. మనిషి గట్టిది. బుగ్గన ఎప్పుడూ పొగాకు ముక్క. నోరు తెరిస్తే దురుసే. జీతగాళ్ళు ఆమెతో పేచీ పెట్టుకోవడానికి జంకేవాళ్ళు. దూడలు మాత్రం ఆమె చీర చెంగు నములుతూ వెంట తిరిగేవి. ఆమెకి చెంగు తడిలేని చీరే ఉండేది కాదు పాపం.

పాలు పిండే వేళ ఆమె పని ఏమిటో చెప్తా వినండి. పిండేవాడు ఆవు పక్కన గొంతుక్కూర్చుని కేకేస్తాడు: "ఓబులక్కా, విడువు!" ఆమె దూడని వదుల్తుంది. దూడ పరిగెత్తుకెళ్ళి పొదుగు కుమ్ముతుంది. అది నాలుగు గుక్కలు తాగేసరికి తల్లి చేపుతుంది, పొదుగులోకి పాలు దిగుతాయి. వెంటనే రెండో కేక: "ఓబులక్కా, లాగు!" మూతినిండా నురగతో ఉన్న దూడని మెడ పట్టుకుని లాగెయ్యాలి. విడిచిన చేత్తోనే లాగాలి. లాగిన ప్రతిసారీ దూడ చెవి దగ్గర నోరు పెట్టి ఆమె ఒక మాట చెప్పేది.

"ఏం చెప్తావక్కా దానికి, మంత్రమా?" అనేవాళ్ళు జీతగాళ్ళు.

"మంత్రమా నా మొహమా! కాసేపాగు, నీ వంతు ఉంది అంటా. అంతే."

పెద్దయ్య కోటయ్య ఉన్నన్నాళ్ళూ ఆ మాట నిజమే. ఆయన తొట్టి గట్టు మీద కూర్చుని రోజూ అరిచేవాడు: "దూడకి మిగల్చండర్రా! ఇవాళ్టి పెయ్యే రేపటి ఆవు." పిండేవాళ్ళు మిగిల్చేవాళ్ళు. ఓబులక్క చేతిలోని తలుగు మళ్ళీ వదులయ్యేది. దూడ కడుపునిండా తాగి గెంతులేసేది. ఆమె పొగాకు ముక్క ఇంకో బుగ్గకి మార్చుకునేది.

తర్వాత పెద్దయ్య పోయాడు. మంద మీసం చేతికొచ్చింది.

చలమయ్య చెడ్డవాడేం కాదర్రా. పొగడ్తకి పడిపోయే మనిషి, అంతే. కింద మైదానంలో ఒక కోట ఉండేది. ఆ కోటలో దొర ఓరోజు భోంచేస్తూ "ఆహా, ఈ నెయ్యి ఎవరిది?" అన్నాడంట. మందవారి చలమయ్యదన్నారు. "రేపట్నించి కోటలో దీపాలు కూడా ఆ నేతితోనే వెలగాలి" అన్నాడంట దొర. ఈ మాట కొండ కిందికి చేరేసరికి చలమయ్యకి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇంకో కడవ పాలు, ఇంకో కుండ వెన్న, ఇంకో జాడీ నెయ్యి! ఎంత పంపినా తక్కువే అనిపించింది.

అప్పట్నించి పిండేవాళ్ళు నాలుగు చన్నులూ ఆఖరి చుక్క దాకా పిండారు. "ఓబులక్కా, విడువు!" దూడ వెళ్ళేది. "ఓబులక్కా, లాగు!" దూడని లాగేది. మళ్ళీ విడువమనే మూడో కేక రాలేదు. కాసేపాగు, నీ వంతు ఉంది అని ఆమె దూడ చెవిలో చెప్పింది కదా. దూడ నమ్మింది. నమ్మి సాయంత్రం దాకా ఆమె మొహం చూస్తూ నిలబడింది. ఓబులక్కకి ఆ రోజు ముద్ద దిగలేదు. 'నోరులేని జీవానికి అబద్ధం చెప్పాను' అనుకుని కుమిలిపోయింది.

దూడలు బక్కచిక్కాయి. డొక్కలు లోపలికి పోయాయి. ఒకటి చచ్చింది.

దూడ చస్తే తల్లి బెంగపెట్టుకుంటుంది, పాలు దించదు. దానికి పాతకాలం నుంచి ఒక పద్ధతుంది. చచ్చిన దూడ తోలు వలిచి, లోపల ఎండుగడ్డి కూరి, కర్రముక్కలు కాళ్ళుగా పెట్టి తల్లి ముందు నిలబెడతారు. తల్లి వాసన చూస్తుంది, నాకుతుంది, చేపుతుంది. దాన్నే గడ్డిదూడంటారు. కోటయ్య కాలంలో అది ఎప్పుడో ఒకసారి. తల్లికి బెంగ తీరగానే, ఆ గడ్డిదూడని పూడ్చిపెట్టి పైన పసుపునీళ్ళు చల్లేవాళ్ళు.

చలమయ్య గడ్డిదూడని చూశాడు. కడవలోకి చూశాడు. మళ్ళీ గడ్డిదూడని చూశాడు. తొడ కొట్టుకుని నవ్వాడు.

"ఒరే, బతికున్న దూడైతే తాగుద్ది. గడ్డిదూడ చుక్క తాగదు! ఇన్నాళ్ళూ మా నాన్నకి ఈ ముక్క తట్టలేదు చూడండ్రా!"

గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందంటే ఇదే మరి. పుట్టి బుద్ధెరిగిన ఏ పశువులవాడూ అనని మాట ఆయన అన్నాడు. పక్కనున్న జీతగాళ్ళు అవునవునన్నారు. అయ్య నవ్వితే నవ్వాలి గదా. ఇంకో దూడ పోయింది, ఇంకో గడ్డిదూడ లేచింది. కొట్టంలో గోడ పొడుగునా వరసగా నిలబడ్డాయి, కళ్ళు లేకుండా, కదలకుండా.

ఓబులక్క చలమయ్య దగ్గరికి వెళ్ళింది. చిన్నప్పుడు చంకనెత్తుకున్న మనిషి కదా, ఆయనకి ఎంత మీసమొచ్చినా ఆమెకి చినయ్యే.

"చినయ్యా, దూడలు నిలవట్లేదు. ఒక్క గుక్క వదలమని చెప్పు."

"దూడ పోతే తోలుంది. తోలుంటే గడ్డుంది. నీకెందుకు దిగులు? వెళ్ళు, వెళ్ళు."

దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. ఆమె తిరిగొచ్చింది.

కొన్నాళ్ళు చూసింది. ఆ రోజు తాత తెచ్చిన ముత్యాలు వరసలో పుట్టిన ఆవు దగ్గర పిండుతున్నారు. ఆ వరసలో పెద్ద ఆవుకెప్పుడూ ముత్యాలనే పేరు. దానికి నుదుటి మీద చుక్కున్న పెయ్య పుట్టింది. పుట్టి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే మెడ నిలపలేకపోతోంది. "ఓబులక్కా, విడువు!" విడిచింది. "ఓబులక్కా, లాగు!" ఆమె కదల్లేదు.

"లాగు అంటుంటే!"

"లాగను. నా చెయ్యి రాదు. కావాలంటే నువ్వే లాక్కో."

పిండేవాడు లేచి లాగాడు. ఆమెకున్న మెత్తదనం వాడికెక్కడిది? పెయ్య రాతి తొట్టికి కొట్టుకుని పడింది. లేవడానికి మోకాళ్ళ మీద తంటాలు పడుతుంటే ఓబులక్క వెళ్ళి ఒళ్ళో తల పెట్టుకుంది. బతిమాలితే లాభం లేదు, మొండికేస్తే దూడకే దెబ్బ. ఇంకేం చెయ్యాలి? పెయ్య నుదురు నిమురుతూ అక్కడే కూర్చుని ఆలోచించింది.

ఏరువాక వచ్చింది. జీతాలు మాట్లాడుకునే రోజు అది. మందవారింటి ముందు అరుగు మీద చలమయ్య కూర్చుంటాడు. పనివాళ్ళంతా వరసగా వచ్చి, ఏడాదికి నాకిన్ని గింజలు, ఒక పంచె, ఒక జత చెప్పులని చెప్పుకుంటారు. అయ్య దూలానికున్న పలుపు దించి, దాని మీద చెయ్యేసి సరేనంటాడు. ఊరంతా చూస్తూ ఉంటుంది.

ఓబులక్క వంతొచ్చింది.

"ఏం కావాలి ఓబులక్కా? ఎన్ని గింజలు?"

"గింజలొద్దు చినయ్యా."

"చీరా?"

"చీరొద్దు."

"పోనీ చెప్పులా?"

"చెప్పులూ వద్దు. ఆవుకో చన్ను ఇప్పించు. మూడు నీవి, ఒకటి నాది. పిండేవాడి చెయ్యి నా చన్ను మీద పడకూడదు. ఏడాదంతా అదే నా కూలి."

జనం ఘొల్లున నవ్వారు. "ముసల్దానికి పాలమీద మోజు పుట్టింది!" అన్నారొకరు. "నెయ్యి కాచి కోటకి పంపుద్దేమో, దొరకి కొత్త చలమయ్య దొరికాడు!" అన్నారింకొకరు. చలమయ్యకీ నవ్వొచ్చింది. ఒంటి మనిషి, ఎన్ని పాలు తాగుతుంది? రెండో రోజుకి కడుపు నొప్పొచ్చి గింజలే ఇప్పించయ్యా అంటుందనుకున్నాడు. నవ్వుతూ నవ్వుతూనే పలుపు మీద చెయ్యేశాడు.

"ఆవుకో చన్ను. ఇచ్చాను పో!"

మర్నాడు పొద్దున ముత్యాలు కింద పిండేవాడు కూర్చున్నాడు. మూడు చన్నులు పిండాడు. అలవాటు చొప్పున నాలుగోదాని మీద చెయ్యేయబోతే ఓబులక్క గట్టిగా దగ్గింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె తలుగు వదిలింది. చుక్కపెయ్య తూలుతూ వెళ్ళి ఆ నాలుగో చన్ను పట్టుకుంది. తాగింది. తోకాడించింది.

అబ్బో, చలమయ్య పరిగెత్తుకొచ్చాడు చూడండి! మీసం ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి.

"ఏంటిది ఓబులక్కా? నీ కూలి నువ్వు తాగాలిగానీ దూడకి తాపుతావా?"

"నా కూలి చినయ్యా. తాగితేనేం, తాపితేనేం?"

"ఇది మోసం!"

"పలుపు దించింది ఎవరు? చెయ్యేసింది ఎవరు? నేనా?"

మాట తప్పితే తాత తెచ్చిన పలుపుకే అవమానం. కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ లోపలికెళ్ళిపోయాడు. ఓబులక్క పెయ్య చెవి దగ్గర నోరు పెట్టి, "చూశావా? చెప్పానా, నీ వంతు ఉందని?" అంది. అంత సంతోషం ఆమె బతుకులో అంతకు ముందెప్పుడూ లేదు. చెప్పానో లేదో, ఏడ్చేసింది కూడా.

సంతోషం సరేనర్రా, తిండేదీ? గింజలు వద్దంది గదా. బతికుంటే బలుసాకు తినొచ్చని ఊరికే అంటారు మనవాళ్ళు, ఆమె నిజంగానే తింది. బలుసాకు ఉడకేసుకుంది. చింతగింజలు వేయించుకుంది. ఏ ఇంట గంజి వార్చినా ముంత పట్టుకెళ్ళింది. పాత చీరకి ముళ్ళు వేసుకుంది. చలమయ్య భార్య అచ్చమ్మ మంచి ఇల్లాలు. మొగుడికి ఎదురు చెప్పలేదు, చూస్తూ ఊరుకోనూ లేదు. రోజూ జొన్నసంకటి ముద్ద ఒకటి రాతి తొట్టి గట్టు మీద పెట్టి, "కాకులకి పెట్టానబ్బా" అని గట్టిగా అనేది. కాకుల కంటే ముందు ఓబులక్క వెళ్ళేది.

"నేనేమన్నా కాకినా అమ్మాయ్?" అనేది.

"కాకి అరిస్తే చుట్టాలొస్తారు. నువ్వరిస్తే ఉన్న చుట్టాలు పోతారు. తిను ముందు" అనేది అచ్చమ్మ.

ప్రతి ఏరువాకకీ అదే మాట, అదే కూలి. దూడలు చావడం ఆగింది. చుక్కపెయ్య నడుం కట్టింది. మూపురం లేచింది.

ఇక్కడ కథ చల్లగా ముగిస్తే బాగుండును. ముగియలేదు.

కరువొచ్చింది. మొదటి ఏడు వాన ముఖం చాటేసింది, గడ్డి మొలవలేదు. రెండో ఏడు ఏరెండింది, కోటయ్య తొలిచిన తొట్టి అడుగు కనపడింది. మూడో ఏడు రోగమొచ్చింది. అది ఆ వీధిలో ఒక ఆవు, ఈ వీధిలో ఒక ఆవు అని తీసుకుపోవడం మొదలెట్టగానే ఓబులక్క అరుగు ముందుకొచ్చింది.

"చినయ్యా, పాలివ్వని పడ్డల్నీ కోడెల్నీ కొండ మీదికి తోలుకుపోతా. అక్కడ చెట్టాకుంది, ఊటనీళ్ళున్నాయి. రోగం అంత పైకెక్కదు."

"పాలివ్వని వాటితో నాకేం పని? తోలుకుపో. ఆవులు మాత్రం కదలవు. కోటకి నెయ్యి పోవాలి."

అంత జరుగుతున్నా ఆయనకి కోటే. ఓబులక్క ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ముంత పట్టుకుని నడిచింది. ముందు చుక్కపెయ్య, వెనక మిగతావి. వెళ్తూ వెళ్తూ ముత్యాలు గంగడోలు నిమిరింది.

కింద మిగిలిన ఆవులకి ఏం సత్తువుంది? ఏళ్ళ తరబడి పిండి పిండి వాటి ఎముకల్లో సారం కూడా కోటకి పంపేశాడాయె. ఒకటి పడింది, రెండు పడ్డాయి. పొద్దున్నే తలుపు తీస్తే ఇంకోటి. కోటలోవాళ్ళకి నెయ్యి ఆగింది. దొర పలకరించడానికి మనిషినైనా పంపాడా? ఇంకో ఊరి నుంచి నెయ్యి తెప్పించుకున్నాడంట, దీపాలు యథాప్రకారం వెలిగాయంట. జీతగాళ్ళు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు.

ఆఖరికి దొడ్డిలో ముత్యాలొకటే మిగిలింది. దానికి పెట్టడానికి గడ్డిపోచ లేదు. చలమయ్య కొట్టమంతా వెతికాడు. గోడ పొడుగునా గడ్డిదూడలు కనిపించాయి. వాటి కడుపుల్లో ఉంది గడ్డి.

ఒకదాన్ని పట్టుకుని కుట్లు విప్పాడు. నల్లబడిన గడ్డి లాగి ముత్యాలు ముందు పోశాడు. ముత్యాలు గడ్డి వైపు చూడలేదు. ఆయన చేతిలో వేలాడుతున్న తోలు వైపు చూసింది. అది దాని దూడదే, ఏనాటిదో. మెడ చాచి ఆ తోలుని నాకింది. నాకుతూ నాకుతూ చేపింది. ఎండిపోయిన ఆ పొదుగు నుంచి నాలుగు చుక్కలు రాలి మట్టిలో ఇంకిపోయాయి. తాగడానికి అక్కడ ఎవరూ లేరు.

చలమయ్య ఆ తోలు మీదే కూలబడ్డాడు. "అమ్మా, నేనేం చేశానే! నీ బిడ్డల్ని నేనే చంపానే!" అని పసివాడిలా గుండెలు బాదుకున్నాడు. సాయంత్రానికి ముత్యాలు కళ్ళు మూసింది. గడ్డిదూడలన్నిటినీ ఆయనే మోసుకెళ్ళి, ముత్యాలు పక్కన గొయ్యి తీసి పూడ్చి, మిగిలిన కాసిని పసుపునీళ్ళు చల్లాడు. మీసం తీయించేసుకున్నాడు. ఈసారి చూడ్డానికి ఎవరూ రాలేదు.

దెబ్బ మీద దెబ్బన్నట్టు అచ్చమ్మకి నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది. పిల్ల బానే ఉంది, తల్లికే పాలు పడలేదు. తిండి లేని ఒంట్లో పాలెక్కణ్ణుంచి వస్తాయి? పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఏడుపు ఆగిపోతే ఇంకా భయమేసింది. కోటకంతా నెయ్యి పోసిన ఇంట్లో పిల్ల పెదవులు తడపడానికి చుక్క పాలు లేవు.

"కొండ మీద ఓబులక్క ఉంది" అంది అచ్చమ్మ.

చలమయ్య పిల్లని గుడ్డలో చుట్టుకుని బయల్దేరాడు. దారిలో మూడుసార్లు ఆగాడు, ఏ మొహం పెట్టుకుని అడగాలని. మూడుసార్లూ గుడ్డ తీసి పిల్ల మొహం చూసి మళ్ళీ నడిచాడు.

కొండ మీద ఊట పక్కన ఓబులక్క కూర్చుని ఉంది. బక్కచిక్కి పుల్లలా అయిపోయింది. చుట్టూ పడ్డలూ కోడెలూ నెమరేస్తున్నాయి. బతికే ఉన్నాయి, అన్నీ బతికే ఉన్నాయి! చుక్కపెయ్య ఇప్పుడు పెయ్య కాదు, ఆవు. తొలిచూలు ఈని నాలుగు రోజులైంది. దాని పక్కన తెల్లటి దూడ కాళ్ళు నిలదొక్కుకుంటోంది.

ఓబులక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీసమేదీ?" అంది.

చలమయ్య గుడ్డ తీసి పిల్లని చూపించాడు. ఆమె చూసింది, అర్థం చేసుకుంది.

"నీ మందే గదా చినయ్యా. మూడు చన్నులు నీవే. పిండుకో."

చలమయ్య చుక్కావు దగ్గరికెళ్ళాడు. తొలిచూలు ఆవు, కరువులో ఈనిన ఆవు. పొదుగు చూస్తే పిడికెడు లేదు. పక్కన దూడ ఆయన్నే చూస్తోంది. ఆయన చెయ్యి ముందుకు సాగలేదు.

"నా వల్ల కాదు ఓబులక్కా. ఆ మూడూ దానివే. నేను పిండితే అది చస్తుంది, అది చస్తే మందే లేదు. నాకు... నాకు అడిగే ముఖం లేదు. నీ కూలిలోంచి ఏమన్నా పెడతావా?"

అంత పెద్ద మందకి అయ్య, దూడలు విడిచే మనిషిని కూలి అడుక్కున్నాడర్రా.

ఓబులక్క లేచింది. మోకాళ్ళు పట్టుకుని లేచింది. "కాసేపాగు చినయ్యా" అంది. "నీ వంతు ఉంది."

దూడని విడిచింది. అది మూడు చన్నులూ మార్చి మార్చి తాగేదాకా ఆగింది. తర్వాత నాలుగోదాని దగ్గర కూర్చుంది. బతుకంతా విడిచిందేగానీ, లాగిందేగానీ, ఆమె ఎప్పుడూ పిండలేదు. అదే మొదటిసారి. ముంత అడుగు మునిగేంత పడ్డాయి పాలు. కాసిని ఊటనీళ్ళు కలిపి, చెంగు చివర వత్తిలా చుట్టి, ముంచి, పిల్ల పెదాల మధ్య పెట్టింది. పిల్ల చప్పరించింది. మళ్ళీ చప్పరించింది.

"నా కూలి నా ఇష్టం" అంది ఓబులక్క. "ఇన్నాళ్ళూ మంద దూడలకి తాపా. ఇవాళ నీ దూడకి తాపుతున్నా. ఏడవకు, పిల్ల దడుచుకుంటుంది."

ఆ ఏడు వాన కురిసింది. ఏరు పారింది. పడ్డలన్నీ కొండ దిగొచ్చాయి, ముందు చుక్కావు, వెనక దాని దూడ. దొడ్డి తలుపు తీసి చలమయ్య నిలబడ్డాడు. దూలం మీది పలుపు తెచ్చి ఓబులక్క చేతిలో పెట్టబోయాడు.

"ఇదిక నీ మంద. నీ కూలి తిని బతికిన మంద."

"నాకెందుకు మంద? కట్టడం వచ్చు, విప్పడం వచ్చు, అయ్యగిరీ చెయ్యడం నాకు రాదు. నీ కూతురికివ్వు. నా కూలి మాత్రం నాకు వదులు." పొగాకు ముక్క బుగ్గన పెట్టుకుని దూడల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ పిల్లకి ఓబులమ్మని పేరు పెట్టారు. మందకి నాలుగో తరం ఆ పిల్లే. ఓబులక్క చెంగు నములుతూ తిరిగేదంట దూడల్తో పాటు. ఆ చెంగుకింకా తడి ఆరిందే లేదు.

ఓబులక్క బతికినన్నాళ్ళూ బతికింది. ఒకరోజు పొద్దున పిండేవాడు ఆవు పక్కన కూర్చుని ఎప్పట్లాగే కేకేశాడు: "ఓబులక్కా, విడువు!" దూడ రాలేదు. మళ్ళీ కేకేశాడు. దూడల మధ్య పడుకున్న మనిషి అలాగే ఉండిపోయింది, చేతికి తలుగు చుట్టుకుని. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఓబులమ్మ వెళ్ళి, ఆ చేతి నుంచి తలుగు మెల్లగా విప్పి, దూడని తనే విడిచింది.

అది జరిగి ఎన్ని తరాలైందో నాకు తెలీదు, మా అవ్వకీ తెలీదు. ఆ కొండ కింద మాత్రం ఇప్పటికీ మూడు చన్నులే పిండుతారు. నాలుగోది ఓబులక్క కూలి. దాని మీద చెయ్యేసినవాడి పాలు విరిగిపోతాయంటారు. లాభం వస్తుందని రేపటిని చంపుకునేవాణ్ణి చూస్తే, "గడ్డిదూడని చూసి మురిసినట్టుంది వీడి తెలివి" అంటారు. ఆ ఇంటికి కోడలొచ్చినా అల్లుడొచ్చినా, ముందు దూడ తలుగు చేతికిచ్చి విడవమంటారు. ఆ తర్వాతే గడప దాటనిస్తారు.

పొద్దున్నే అటువైపు వెళ్తే మీకూ వినబడుతుంది. దొడ్డి దొడ్డిలోంచీ ఒకటే కేక: "ఓబులక్కా, విడువు!" తలుగు పట్టుకున్నది ఎవరైనా సరే, పిలిచేది ఆ పేరే. దూడని పక్కకి లాగాల్సి వస్తే ఎవరి పేరు పెట్టి వాళ్ళని కేకేస్తారు గానీ, ఓబులక్కా, లాగు అని ఆ కొండ కింద ఇంతవరకూ ఎవరూ అనలేదు.